దడ తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

మా పిన్నికి నలభై ఎనిమిదో ఏట గుండె లయ తప్పింది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్లవాత జ్వరం గుండెలోని మైట్రల్ కవాటాన్ని బిగుసుకుపోయేలా చేసిందన్న సంగతి అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్లు దడ. ఆసుపత్రిలో ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. మూడు మాత్రలు రాశారు: మెటోప్రొలాల్, డిజాక్సిన్, అసిట్రోమ్. నెల తిరిగేసరికి దడ తగ్గింది, ఇంటిపని మామూలుగా చేసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆమె తనకు తోచిన లెక్క ఒకటి వేసుకుంది. దడ తగ్గించిన మాత్రలు రెండూ ఉంచుకుంది. మూడోది వేసుకున్నా మానేసినా ఒంట్లో ఏ తేడా తెలియడం లేదు. పైగా దాని కోసం నెలనెలా రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వెళ్లి రక్త పరీక్ష చేయించుకోవాలి. కూరలు తరిగేటప్పుడు వేలు తెగితే నెత్తురు ఒక పట్టాన ఆగదు. ‘దడ లేదు కదరా, ఇంక అదెందుకు?’ అని నాతోనే అంది. నాకూ సమాధానం తెలియలేదు. మానేసింది. నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది.

ఆమె లెక్కను తప్పు పట్టలేను. మందు పనిచేస్తోందని మనకు తెలిసేది బాధ తగ్గినప్పుడే. జ్వరం మాత్రకు, నొప్పి మాత్రకు ఆ కొలత సరిపోతుంది. గుండె లయ జబ్బుల్లో మాత్రం అది మోసం చేస్తుంది. ఇక్కడ మనకు హాయి కలిగించే మాత్ర ఒకటి, ప్రాణం కాపాడేది మరొకటి. ఈ తేడా రోగికి విడమరిచి చెప్పకపోవడం, ఆ రెండో మాత్రకు కావలసిన పరీక్షను ఊళ్లకు చేర్చకపోవడం మన వైద్య వ్యవస్థ చేస్తున్న పెద్ద పొరపాటని నా అభిప్రాయం. లోపం మందుల్లో లేదు. అవి చవక, పాతవి, ఏ పట్టణంలోనైనా దొరుకుతాయి.

గుండె లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. కుడి కర్ణిక పైభాగంలో ఉండే చిన్న కణాల గుంపు నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. ఆ సంకేతం రెండు కర్ణికల మీదుగా పాకి, మధ్యలో ఒక ద్వారం లాంటి చోట క్షణకాలం ఆగి, కింది జఠరికలకు చేరుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఈ క్రమం చెదిరిపోతుంది. కర్ణికల్లో నలుమూలలా సంకేతాలు పుట్టి, నిమిషానికి 350కి పైగా వేగంతో గోడలు ఊరికే అదురుతుంటాయి తప్ప ముడుచుకోవు. మధ్యలోని ద్వారం వాటిలో చాలావాటిని ఆపేస్తుంది. తప్పించుకుని కిందికి వచ్చినవి వరుస లేకుండా వస్తాయి. అందుకే నాడి పట్టుకుంటే ఒక దెబ్బ ముందు, ఒకటి వెనక, ఒకటి బలంగా, ఒకటి అంతంత మాత్రంగా తగులుతుంది. రోగికి తెలిసే దడ ఇదే.

రోగికి తెలియనిది ఇంకొకటి జరుగుతుంటుంది. ఎడమ కర్ణికకు పక్కన చెవి ఆకారంలో చిన్న సంచి ఉంటుంది. కర్ణిక ముడుచుకోవడం మానేస్తే ఆ సంచిలో రక్తం కదలకుండా నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఎప్పుడో ఒక రోజు ఊడి, జఠరికలోకి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నాళంలోకి చేరితే పక్షవాతం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజల మీద దశాబ్దాలుగా సాగుతున్న అధ్యయనం 1978లో దీనికి లెక్క కట్టింది. కవాట జబ్బు లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే పక్షవాతం ముప్పు ఐదు రెట్లకు పైగా, కీళ్లవాత జ్వరం దెబ్బతీసిన కవాటం కూడా తోడైతే సుమారు పదిహేడు రెట్లు. గడ్డ తయారవుతున్నప్పుడు నొప్పి ఉండదు, దడ ఉండదు. మెటోప్రొలాల్ గానీ డిజాక్సిన్ గానీ గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఆ సంచిలో రక్తం గడ్డకట్టకుండా చూడడం వాటి పని కాదు.

కంటికి కనిపించే లయను సరిచేస్తే చాలని నమ్మి దెబ్బతిన్నది మా పిన్ని ఒక్కతే కాదు. ప్రపంచ వైద్యమంతా ఒకప్పుడు అదే నమ్మింది. 1980లలో గుండెపోటు నుంచి బయటపడిన వారి ఈసీజీలో మధ్యమధ్య జఠరికల నుంచి అదనపు దెబ్బలు కనిపించేవి. అవి ఉన్నవారిలో హఠాన్మరణాలు ఎక్కువ. ఆ దెబ్బల్ని అణిచేస్తే మరణాలు తగ్గుతాయన్నది తర్కం. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు వాటిని చక్కగా అణిచేవి. కాగితం మీద గీత శుభ్రంగా వచ్చేది. డాక్టరుకు తృప్తి, రోగికి తృప్తి. ఇంత స్పష్టంగా కనిపిస్తున్నదాన్ని మళ్లీ పరీక్షించడం దేనికని, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇవ్వడం అన్యాయమని వాదించిన వైద్యులూ ఉన్నారు.

అయినా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ పరీక్ష పెట్టింది. దాని పేరు కాస్ట్. అసలు మందు ఇచ్చిన 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్న 743 మందిలో 26 మంది. సగటున పది నెలల్లోనే ఇంత తేడా. 1989లో ఆ మందుల పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఇంకో సంగతి చెప్పాలి: ఈ పరీక్షలోకి తీసుకున్నది, మందు వేస్తే అదనపు దెబ్బలు తగ్గుతాయని ముందే చూసి ఎంచుకున్నవారిని. అంటే మందు తన పని తాను చేసింది, గీత బాగుపడింది, మనిషి పోయాడు. దెబ్బతిన్న గుండె కండరంలో సంకేతాల వేగాన్ని మందగింపజేసే ఈ మందులు, పాత అపశ్రుతిని అణిచి అంతకంటే ప్రమాదకరమైన కొత్తదానికి దారి తీశాయి.

ఫార్మకాలజీ చదివే పిల్లలకు ఈ కథ పాఠంగా చెబుతారు. దాని సారం మాత్రం తరగతి గది దాటి రోగి దాకా రాలేదు. ఈసీజీ చూపించి ‘నార్మల్‌కి వచ్చేసిందండీ’ అనే మాట వినగానే మనమంతా ఊపిరి పీల్చుకుంటాం. ఏది నార్మల్‌కి వచ్చింది, దాని వల్ల ఏ ప్రమాదం తప్పింది అని అడగం.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ విషయంలో ఈ ప్రశ్నను సూటిగా అడిగిన పరీక్ష అఫర్మ్. 2002లో ఫలితాలు వచ్చాయి. 4060 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మందులతో లయను మామూలు స్థితికి తెచ్చి అలాగే నిలబెట్టే ప్రయత్నం. రెండో జట్టుకు లయను దాని మానాన వదిలి, వేగం మాత్రం తగ్గించారు. లయ సరిచేసిన జట్టులో 356 మంది, వేగం తగ్గించిన జట్టులో 310 మంది చనిపోయారు. లయ సరిచేయడం వల్ల ఆయుష్షు పెరగలేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే పరీక్షలోని ఇంకో విషయం. రెండు జట్లలోనూ పక్షవాతం వచ్చినవారిలో ఎక్కువ మంది, గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ మాత్రను మానేసినవారు లేదా తక్కువ మోతాదులో వేసుకుంటున్నవారు. లయ బాగుపడింది కదా, ఇంక ఇదెందుకు అనుకున్నారు. మా పిన్ని అన్న మాటే.

దీన్ని బట్టి లయ సరిచేసే వైద్యం పనికిరాదని నేను అనడం లేదు. 2020లో వచ్చిన ఈస్ట్ పరీక్షలో, జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయను సరిచేయడం మొదలుపెడితే పక్షవాతం, గుండె సంబంధ మరణాలు తగ్గాయని తేలింది. యువకులకు, దడతో రోజు గడవనివారికి అది నిజమైన మేలు. కానీ ఆ పరీక్షలో రెండు జట్లవాళ్లలోనూ పది మందికి తొమ్మిది మంది గడ్డకట్టనివ్వని మందు మీదే ఉన్నారు. ఆ పునాది మీద కట్టిన మేడ అది. పునాది లేకుండా మేడ గురించి మాట్లాడుకోవడం మన దగ్గర జరుగుతోంది.

లయను నిలబెట్టే మందుల్లో మన దేశంలో బాగా వాడేది అమియోడారోన్. బలమైన మందే, ఆపదలో ఆదుకునే మందే. దాని బరువులో 37 శాతం అయోడిన్. ఒంట్లో కొవ్వులో చేరి కూర్చుంటుంది, మానేసినా వారాలు, నెలల తరబడి పోదు. థైరాయిడ్‌ను అటో ఇటో తిప్పుతుంది, కొందరిలో ఊపిరితిత్తుల్ని, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆరు నెలలకోసారి థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించకుండా ఏళ్ల తరబడి అదే చీటీ చూపించి కొనుక్కునేవారిని మందుల షాపు దగ్గర చూస్తూనే ఉంటాం. డిజాక్సిన్‌దీ ఇలాంటి కథే. 1785లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ ఫాక్స్‌గ్లవ్ మొక్క గురించి రాసినప్పటి నుంచీ తెలిసిన సంగతి ఏమిటంటే, దీనిలో మందుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. వయసు మళ్లి మూత్రపిండాలు నెమ్మదిస్తే మామూలు మోతాదే ఎక్కువవుతుంది. అందుకే మన డాక్టర్లు వారానికి ఐదు రోజులే వేసుకోమంటారు. ఆ రెండు రోజుల ‘సెలవు’ ఏ మాత్రకో స్పష్టంగా చెప్పకపోతే రోగి అన్నిటికీ సెలవిచ్చేస్తాడు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు.

ఇక ఆ మూడో మాత్ర. వార్ఫరిన్, మన దగ్గర అసిట్రోమ్ పేరుతో ఎక్కువగా తెలిసిన అసినోకూమరాల్, రెండూ ఒకే కుటుంబం. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు నెత్తురు ఆగక చనిపోతుంటే, కారణం వెతుకుతూ పోయిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కార్ల్ లింక్ ప్రయోగశాల నుంచి ఈ మందు వచ్చింది. 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకు అనుమతి వచ్చింది. ఇది రక్తాన్ని పలుచన చేస్తుందని అందరం అంటాం గానీ, నీళ్లు కలిపినట్టు పలుచన చేసేదేమీ ఉండదు. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే గడ్డకట్టే పదార్థాల ఉత్పత్తిని తగ్గిస్తుంది, అంతే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో పక్షవాతాన్ని మూడింట రెండు వంతులు తగ్గించే శక్తి దీనికి ఉంది. ఆస్పిరిన్ తగ్గించేది సుమారు ఐదో వంతు. అయినా పరీక్షల బాదరబందీ లేదని ఆస్పిరిన్ రాసిచ్చి పంపే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.

పరీక్ష లేకుండా వార్ఫరిన్ వాడడం కుదరదు. ఐఎన్ఆర్ అనే అంకె సాధారణంగా 2కి, 3కి మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆ అంకె తిండితో, జబ్బుతో, పక్క మందులతో కదులుతుంటుంది. ఆషాఢంలో మునగాకు తినాలంటారు. అప్పటిదాకా ఆకుకూర ముట్టని మనిషి ఆ నెలంతా మునగాకు తింటే విటమిన్ కె పెరిగి ఐఎన్ఆర్ పడిపోతుంది. దీనికి విరుగుడు ఆకుకూరలు మానేయడం కాదు. గోంగూర, తోటకూర వారానికి ఎంత తింటున్నారో అంతే ప్రతి వారం తింటే, మోతాదును దానికి తగ్గట్టు సరిచేస్తారు. ఆకుకూరలే వద్దని భయపెట్టే సలహా రక్తహీనత ఎక్కువగా ఉన్న మన ఆడవాళ్లకు ఇంకో కీడు. ఆకుకూరల కంటే నాకు ఎక్కువ భయం మెట్రోనిడజోల్ అంటే. విరేచనాలు పట్టుకుంటే ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే మొదటి మాత్ర అది. వార్ఫరిన్ మీద ఉన్నవారికి దాన్ని ఇస్తే నాలుగు రోజుల్లో ఐఎన్ఆర్ ఎక్కడికో పోతుంది. మోకాళ్ల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ కడుపులో రక్తస్రావం ముప్పు పెంచుతుంది. అమియోడారోన్ మొదలుపెడితే వార్ఫరిన్ మోతాదును మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాల్సి రావచ్చు. తాను అసిట్రోమ్ వేసుకుంటున్నానని ఆర్ఎంపీకి ముందే చెప్పాలని రోగికి నేర్పించారా? మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఇంత తంటా పడే బదులు ఐఎన్ఆర్ పరీక్ష అక్కరలేని కొత్త మందులు ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్. 2022 జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో డాబిగాట్రాన్ చేరింది. పేటెంట్ల గడువు తీరడంతో ధరలూ దిగాయి. కవాట జబ్బు లేని పెద్దవయసు రోగికి నేనైనా అవే మంచివంటాను. అయితే 2009 నుంచి 2011 వరకు ఫలితాలు వెలువడిన వాటి ప్రధాన పరీక్షలన్నీ ఒక రకం రోగుల్ని బయట ఉంచాయి: మైట్రల్ కవాటం బాగా బిగుసుకుపోయినవారిని. సంపన్న దేశాల్లో అలాంటివారు అరుదు కాబట్టి అది పెద్ద లోపంగా ఎవరికీ తోచలేదు. మన దగ్గర వాళ్లు అరుదు కాదు.

ఆ ఖాళీని పూరించిన పరీక్ష ఇన్విక్టస్. దాన్ని నడిపినవారిలో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన గణేశన్ కార్తికేయన్ ముఖ్యులు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 24 దేశాల నుంచి, కీళ్లవాత గుండె జబ్బుతో పాటు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న నాలుగున్నర వేల మందిని తీసుకున్నారు. సగటు వయసు యాభై. నూటికి డెబ్బై మందికి పైగా మహిళలు. మా పిన్ని లాంటివాళ్లన్నమాట. కొత్త మందు రివరోక్సబాన్ కనీసం పాతదానికి సమానంగా ఉంటుందని అనుకుని మొదలుపెట్టారు. 2022 ఆగస్టులో ఫలితం వచ్చింది. రివరోక్సబాన్ తీసుకున్నవారిలో 552 మంది, వార్ఫరిన్ కుటుంబం మందు తీసుకున్నవారిలో 442 మంది చనిపోయారు. పక్షవాతాలు కూడా రెండో జట్టులోనే తక్కువ. తీవ్ర రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పాత ఎలుకల మందు గెలిచింది.

ఈ ఫలితంలో నాకు ఆసక్తికరంగా అనిపించింది ఒకటుంది. వార్ఫరిన్ జట్టులో చేరేనాటికి సుమారు మూడో వంతు మందికే ఐఎన్ఆర్ సరైన పరిధిలో ఉంది. పరీక్ష సాగుతుండగా అది సగం పైకి చేరింది. అంటే పేద దేశాల్లోని మామూలు ఆసుపత్రుల్లో కూడా, నెలనెలా పిలిచి, వేలు పట్టుకుని సరిచేస్తే అంకె బాగుపడుతుంది. ప్రాణాలు నిలిచిన దాంట్లో మందు వాటా ఎంత, ఆ నెలనెలా పలకరింపు వాటా ఎంత అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోవాల్సిన విషయం. వాటా ఎవరిదైనా, ప్రభుత్వం చేయాల్సిన పని మారదు.

ఆ పని కొండను ఎత్తడమేమీ కాదు. వేలి చివర చుక్క రక్తంతో ఐఎన్ఆర్ చెప్పే చేతి యంత్రాలు గ్లూకోమీటర్ అంతే ఉంటాయి. తెలంగాణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీసుకుని ప్రభుత్వ కేంద్ర ప్రయోగశాలకు పంపి ఉచితంగా ఫలితం ఇచ్చే ఏర్పాటు 2018లోనే మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పల్లెలకు వెళ్లే వైద్య వాహనాలున్నాయి. షుగరు, బీపీ రోగులకు నెలనెలా మాత్రలు ఇచ్చే జాతీయ కార్యక్రమం ఉంది. వీటిలో ఏదో ఒకదానికి ఐఎన్ఆర్‌ను కూడా తగిలించి, ఫలితం చూసి మోతాదు చెప్పే బాధ్యత ఒక మనిషికి అప్పగించాలి. ఫలితం కాగితం చేతికి వచ్చి, మోతాదు చెప్పేవాళ్లు లేక దాన్ని బీరువాలో దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. కాగితం ఇవ్వడం పరీక్ష పూర్తి చేయడం కాదు. ఖర్చు ఎక్కువని అనేవారు పక్షవాతం వచ్చిన మనిషిని పదిహేనేళ్లు మంచం మీద చూసుకునే ఇంటి ఖర్చును కూడా ఒకసారి లెక్కవేయాలి. ఆ ఖర్చు ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడదు కాబట్టి లేనట్టే నడిచిపోతోంది.

జబ్బును ముందే కనిపెట్టడం ఇంకా చవక. బీపీ చూసే ఏఎన్ఎం నాడి మీద మూడు వేళ్లు పెట్టి ఒక నిమిషం లెక్కపెడితే వరుస తప్పిన నాడి తెలిసిపోతుంది. బ్యాటరీతో నడిచే బీపీ యంత్రాలు వచ్చాక నాడి పట్టుకోవడమే తగ్గిపోయింది. తెర మీద 84 అని అంకె చూపిస్తే చాలనుకుంటున్నాం. ఆ 84 సమానంగా కొట్టుకుందా, ఎగుడుదిగుడుగా కొట్టుకుందా అన్నది మామూలు యంత్రం చెప్పదు. కొన్ని యంత్రాలు ఒక చిన్న గుర్తు వెలిగిస్తాయి. దాని అర్థం తెలిసినవాళ్లు ఎంతమంది?

డాక్టర్లకు ఒక విన్నపం. ఓపీలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దొరకడమే కష్టమని తెలుసు. అయినా చీటీ మీద మాత్ర పేరు పక్కన తెలుగులో రెండు మాటలు రాయండి: ‘దడ తగ్గడానికి’, ‘పక్షవాతం రాకుండా’. రెండోదాని కింద ‘బాగున్నా మానకూడదు’ అని ఒక గీత గీయండి. ఆ మాత్ర వేసుకుంటే ఏమీ తెలియదు, తెలియకపోవడమే అది పనిచేస్తోందనడానికి గుర్తు అని నోటితో ఒకసారి చెప్పండి.

పిన్నికి మాట చాలావరకు తిరిగి వచ్చింది. చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు. ఇప్పుడు ఆమె దగ్గర ఒక పాత స్కూలు నోటు పుస్తకం ఉంది. ఎడమ చేత్తో వంకరటింకరగా తేదీ, ఐఎన్ఆర్ అంకె, ఎన్ని మాత్రలు వేసుకున్నదీ రాస్తుంది. పోయిన ఆషాఢంలో మునగాకు పప్పు రెండుసార్లు చేయించుకుంది, అదీ రాసింది. పరీక్షకు మాత్రం ఇప్పటికీ రెండు బస్సులు మారాలి. చెయ్యి పట్టుకుని ఎక్కించడానికి మా తమ్ముడు ఆ రోజు పని మానుకుంటాడు.